బారూకుకు వచ్చిన మాట

మంగళవారం

ఈ రోజు రాయాల్సినవి రెండే: ఒక క్రయ దస్తావేజు, ఒక దాన సెటిల్‌మెంటు. సెటిల్‌మెంటు రాయించిన పెద్దావిడ తన ఇంటి స్థలం కూతురికి ఇస్తోంది. చదువు రాదు. నాలుగు హద్దులూ చదివి వినిపించమంది, పడమటి హద్దు మళ్లీ చదివించుకుంది.

భోజనాల వేళ, ఒకప్పుడు నా పక్క బల్ల మీదే దస్తావేజులు రాసిన స్నేహితుడు వచ్చాడు. ఇప్పుడు ఆయన వెంచర్లు వేస్తున్నాడు. "ఎన్నాళ్లని రాస్తూ కూర్చుంటావు? నాతో రా, వాటా ఇస్తాను" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. వద్దన్నాను. సైట్లు చూపించేది ఎక్కువగా ఆదివారాలే, నాకేమో సండే స్కూలు పిల్లలున్నారు. అయినా వద్దనడం తేలిక కాలేదు. పెద్దాడి కాలేజీ ఫీజు టెన్షన్ ఇంట్లో అందరికీ ఉంది.

రాత్రి కుటుంబ ప్రార్థనలో వరుస ప్రకారం బైబిల్లో యిర్మీయా ప్రవక్త గ్రంథం 45వ అధ్యాయం వచ్చింది. ఐదే వచనాలు. ప్రవక్త చెబుతుంటే రాసిపెట్టిన బారూకు అలసిపోయి, నాకు నెమ్మది లేదని మూలిగితే దేవుడు అతనికంటూ పంపిన మాట అది. నీ కోసం గొప్పవాటిని వెదుక్కుంటున్నావా, వెదకవద్దు అంటాడు.

బారూకు ఎదగలేని మనిషి కాదు. చదువుకున్నవాడు. సిద్కియా రాజు కొలువులో శెరాయా అనే అధికారి ఉన్నాడు. ఇద్దరి తండ్రి పేరూ తాత పేరూ ఒకటే, కాబట్టి తోడబుట్టినవాళ్లే అయి ఉంటారు. బారూకుకు దక్కిందేమిటి? తాను రాసిన గ్రంథపుచుట్టను యెహోయాకీము రాజు కత్తితో కోసి కుంపట్లో వేయడం. అదంతా మళ్లీ మొదటి నుంచి రాయడం.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది నాలుగో వచనం. నేను కట్టినదాన్ని నేనే పడగొడుతున్నాను, నాటినదాన్ని నేనే పెల్లగిస్తున్నాను అంటాడు దేవుడు. ఇంతకాలం ఆ అధ్యాయాన్ని మందలింపుగానే విన్నాను. ఈ రోజు అందులో దేవుని దుఃఖం వినిపించింది. తన చేతిపనినే పడగొట్టాల్సి వచ్చిన దేవుడు, ఒక రాతగాడిని పేరు పెట్టి పిలిచి తన బాధ చెప్పుకుంటున్నాడు. అంత దగ్గరగా నిలబడ్డవాడికి ఇంకా ఏ గొప్ప కావాలి? తగ్గింపు అంటే మనల్ని మనం చిన్నబుచ్చుకోవడం కాదనీ, ఆయన పక్కన నిలబడడమేననీ అనిపించింది. బారూకుకు ఇస్తానన్నది కూడా ప్రాణం ఒక్కటే. అతను చివరికి ఐగుప్తుకు (ఈజిప్టుకు) వెళ్లాల్సి వచ్చింది, కానీ ఆ మాట అతనితోనే వెళ్లింది.

ఈ పనిలో ఉన్నవాడిగా నాకు 32వ అధ్యాయం కూడా చాలా ఇష్టం. కల్దీయులు, అంటే బబులోను సైన్యం, యెరూషలేమును ముట్టడించి ఉండగా యిర్మీయా అనాతోతులో 17 తులాల వెండికి పొలం కొంటాడు. సాక్షుల సంతకాలు, ముద్ర వేసిన ప్రతి, ముద్ర లేని ప్రతి, అన్నీ పద్ధతిగా ఉంటాయి. రెండూ మట్టికుండలో భద్రం చేయమని బారూకు చేతికే ఇచ్చాడు. ఊరు పోతుందని తెలిసీ, ఇక్కడ మళ్లీ ఇళ్లూ పొలాలూ కొంటారన్న దేవుని మాట మీద రాసిన దస్తావేజు అది.

"మరి ఫీజు?" అంది మా ఆవిడ. చీటీ డబ్బు కొంత వస్తుంది. మిగతాదాని కోసం ఇద్దరం మోకరించాం. స్నేహితుడి కోసం కూడా ప్రార్థించాం. రేపు పొద్దున్నే నలుగురు అన్నదమ్ముల ఆస్తి పంపకాల పారీఖత్తు రాయాలి. వాళ్ల మధ్య మాటా మాటా పెరగకుండా దేవుడే నడిపించాలి.