డాక్ దగ్గర కరిగిపోయే గంటలు

అమెరికాలో ట్రక్కు నడుపుతున్నానంటే మనవాళ్లు ముందు అడిగేది జీతం, తర్వాత నిద్ర. రాత్రీ పగలూ నడుపుతూనే ఉంటామని చాలామంది అనుకుంటారు. ఇక్కడ అలా కుదరదు. వరుసగా 10 గంటల విశ్రాంతి తీసుకున్నాకే మా డ్యూటీ మొదలవుతుంది. మొదలైన దగ్గర్నుంచి 14 గంటల్లోపే నడపాలి, అందులోనూ స్టీరింగ్ పట్టేది 11 గంటలే. మొత్తం 8 గంటలు నడిపాక అరగంట ఆపకుండా ముందుకు వెళ్లకూడదు.

2017 డిసెంబర్ నుంచి చాలా ట్రక్కుల్లో నడిపిన గంటలు రాసే కాగితం లాగ్‌బుక్ పోయి ఈఎల్‌డీ (ఎలక్ట్రానిక్ లాగింగ్ డివైస్) వచ్చింది. ఇంజిన్‌కు కలిపిన ఆ యంత్రం బండి కదిలిందంటే తనే లెక్క రాసుకుంటుంది. పాత డ్రైవర్లలో చాలామందికి అదంటే మంట. నాకు మాత్రం అదే అండ. ‘ఇంకో రెండు గంటలు లాగించెయ్’ అని లోడ్లు అప్పగించే డిస్పాచర్ అన్నప్పుడు, గంటలు అయిపోయాయని స్క్రీనే చెబుతుంది. ఇక్కడి ఇంగ్లిష్ ఇంకా పట్టుబడని కొత్తవాడికి, ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్ పడేవాడికి అదెంత బలమో వాళ్లకే తెలుస్తుంది. రూల్ తప్పమని డ్రైవర్‌ను ఒత్తిడి చేయడం కూడా ఇక్కడ రూల్‌కు విరుద్ధమే.

నా బాధల్లా సరుకు ఎక్కించి దించే డాక్ దగ్గరే. పొద్దున్నే అపాయింట్‌మెంట్‌కి వెళ్తే ‘డోర్ ఖాళీ లేదు, వెయిట్ చెయ్యి’ అంటారు. మధ్యాహ్నమైనా అదే మాట. మనం అక్కడ కూర్చున్నా 14 గంటల గడియారం మామూలుగా నడిచిపోతుంది. మాలో ఎక్కువమందికి జీతం మైళ్ల లెక్కన. చక్రం తిరగకపోతే డబ్బు లేదు. ఓవర్‌టైమ్ అడుగుదామంటే, 1938 నాటి కార్మిక చట్టమే మాలో చాలామందిని అందులోంచి తప్పించింది.

2020లో కొంత వెసులుబాటు ఇచ్చారు. 10 గంటల విశ్రాంతిని ట్రక్కులోనే ఉండే పడక, అంటే స్లీపర్ బెర్త్‌లో 7 గంటలు, విడిగా 3 గంటలుగా విడగొట్టుకుంటే ఆ రెండూ 14 గంటల్లో లెక్కకు రావు. డాక్ దగ్గర మూడు గంటలు డ్యూటీ నుంచి నిజంగా వదిలేస్తే అలా వాడుకోవచ్చు. కానీ ఫోర్క్‌లిఫ్ట్ ట్రైలర్‌లోకి ఎక్కి దిగుతుంటే బండంతా ఊగుతుంది, ఎప్పుడు పిలుస్తారో తెలియదు. అందులో నిద్రేం పడుతుంది?

తీరా లోడ్ అయ్యాక గంటలు తక్కువ, చీకటి పడే వేళ, ట్రక్ స్టాపులన్నీ నిండిపోయి ఉంటాయి. 2009లో జేసన్ రివెన్‌బర్గ్ అనే డ్రైవర్ డెలివరీకి తొందరగా చేరి, మూతపడిన పెట్రోల్ బంకులో బండి ఆపుకుంటే దోపిడీ చేసి చంపేశారు. ఆయన పేరు మీద 2012లో ట్రక్ పార్కింగ్ కోసం చట్టం వచ్చింది. ఇన్నేళ్లయినా సాయంత్రం అయితే చోటు కోసం వెతుకులాట తప్పడం లేదు. విశ్రాంతి తీసుకోమని చట్టం చెప్పినప్పుడు, తీసుకునే చోటు కూడా ఎవరో ఒకరు చూపించాలి కదా!

కొత్తగా వచ్చే తమ్ముళ్లకు చెప్పేదొకటే. కంపెనీలో చేరేముందు మైలుకి ఎంతిస్తారన్నది ఒక్కటే అడగొద్దు. డాక్ దగ్గర ఎక్కువసేపు ఆపినందుకు ఇచ్చే డిటెన్షన్ డబ్బు ఎన్ని గంటల తర్వాత మొదలవుతుంది, అందులో డ్రైవర్‌కు వచ్చేదెంత, కాగితం మీద రాసిస్తారా అని అడగండి. డాక్‌కు చేరిన టైమ్, బయటికొచ్చిన టైమ్ సరుకు బిల్లు మీద రాయించి సంతకం తీసుకోండి. ఆ రాత్రి ఎక్కడ ఆపాలో మధ్యాహ్నమే చూసుకోండి.