అమ్మ నా వెనక నడిచింది

మొదట్లో జరిగింది చాలా ఇళ్ళలో జరిగేదే, త్వరగా చెప్పేస్తాను. గాజువాకలో ఒక వెల్డింగ్ షెడ్డులో పనిచేసేవాణ్ణి. 2018 చివర్లో గ్రైండర్ మోతలోంచి ఎవరో నా పేరు పెట్టి పిలవడం మొదలైంది. కొన్నాళ్ళకి గ్రైండర్ ఆపినా పిలుపు ఆగలేదు. అన్నంలో ఏదో కలుపుతున్నారని తినడం మానేశాను. గాలి సోకిందన్నారు. తాయెత్తులు, నిమ్మకాయలు, ఒక భూతవైద్యుడు. ఎనిమిది నెలలు అలా పోయాయి. చివరికి మా అక్క అందరితో గొడవపడి ఆసుపత్రిలో చేర్పించింది. స్కిజోఫ్రీనియా అన్నారు, లేని గొంతులు వినిపించి, లేనిపోని అనుమానాలు పుట్టించే మానసిక జబ్బు.

చేరిన మూడో రాత్రి గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి.

సాయంత్రం ఆ గొంతులు తగ్గడానికని హాలోపెరిడాల్ అనే మందు ఇంజెక్షన్ చేశారు. పదింటికి నాలుక మందమైంది. దవడ ఒక పక్కకి లాగేసింది. ఆ తర్వాత మెడ వెనక్కీ ఎడమకీ తిరగసాగింది, ఎవరో జుట్టు పట్టుకుని తిప్పుతున్నట్టే. కళ్ళు పైకి పోయి అక్కడే నిలిచిపోయాయి. ఫ్యాను రెక్కకి పట్టిన బూజు తప్ప ఏమీ కనపడదు. మా అమ్మ రెండు చేతులతో నా తల పట్టుకుని, "ఒరే నాన్నా, మెడేటిరా ఇలగైపోనాది?" అని ఏడుస్తోంది. నోరు పెగలదు. నా చెవిలో గొంతులు మాత్రం, "మేమే తిప్పుతున్నాం" అన్నాయి. ఇది మందు వల్ల అని చెప్పినవాళ్ళు లేరు కాబట్టి, వాటినే నమ్మాను.

అమ్మ వెళ్ళి డ్యూటీ డాక్టర్ని తీసుకొచ్చింది. ఆయన మంచం దగ్గరికి కూడా రాలేదు. గుమ్మంలోంచే చూసి, "నటిస్తున్నాడమ్మా, పట్టించుకోకు, పొద్దుటికి అదే దారికొస్తుంది" అని వెళ్ళిపోయాడు. అమ్మ తెల్లార్లూ నా మెడ కింద చెయ్యి పెట్టుకుని, "సింహాద్రప్పన్నా, వీడి మెడ తిన్నగా చేస్తే వీడితోనే నీ కొండ చుట్టూ తిరుగుతాను" అని మొక్కుతూనే ఉంది.

పొద్దున్న ఇంకో డాక్టరమ్మ వచ్చింది. చూసీ చూడగానే ఆ పట్టు విడిపించడానికి ప్రోమెథజిన్ అనే ఇంజెక్షన్ తెమ్మంది. అరగంటలో మెడ వదిలింది. ఆవిడ నా పక్కన కూర్చుని, "ఇది నీ జబ్బు కాదు బాబూ, మందు వల్ల వచ్చింది. ముందే చెప్పాల్సింది" అంది. ఆవిడకి జీవితాంతం దణ్ణం పెడతాను. ఆ రాత్రి డాక్టర్ని మాత్రం ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను. ఇచ్చే వైద్యం ఏమిటో, దానివల్ల ఏ ఇబ్బందులు రావచ్చో రోగికి చెప్పాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఆ రాత్రి నేను గొంతుల చేతికి చిక్కేవాణ్ణి కాదు.

మందు మార్చారు. గొంతులు సన్నగిల్లి, ఆగాయి. కానీ ఇంటికొచ్చిన మనిషి నేను కాదు. ముఖం చెక్కలా ఉండేది. నడుస్తుంటే చేతులు ఊగేవి కావు, పక్కన కట్టేసినట్టు వేలాడేవి. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ, మాత్ర నలుపుతున్నట్టు ఒకదానికొకటి రాసుకుంటూనే ఉండేవి. కంచరపాలెంలో మా ఇంటి మెట్ల మీద రెండేళ్ళు కూర్చున్నాను. మా బావ, "జబ్బు తగ్గింది కదా, పనికి పోడానికేం?" అనేవాడు. ఏమని చెప్పను?

ఆ డాక్టరమ్మే ఎంవీపీ కాలనీలో ఒక డే కేర్ సెంటర్‌కి పంపింది. గురువారం గురువారం డాన్స్ థెరపీ. "మగాణ్ణి గెంతులకి పంపుతారా, ఉన్న పరువు చాలదా?" అని మా మావయ్య. అక్క ఆయనకి జవాబు కూడా చెప్పలేదు, నన్ను బస్సెక్కించింది.

అయిదు వారాలు గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆరో వారం ఆ టీచరు నా దగ్గరికొచ్చి, "మీ వేళ్ళు ఏదో చేస్తున్నాయండీ, మేమూ చెయ్యొచ్చా?" అని అడిగింది. తల ఊపాను. గుండ్రంగా నిల్చున్న పదకొండు మందీ బొటనవేలూ చూపుడువేలూ రాయడం మొదలెట్టారు. అంతవరకూ ఆ వణుకు కంటపడితే అందరూ మొహం తిప్పుకునేవాళ్ళే. టీచరు దాన్ని చిటికెగా మార్చింది, చిటికెని చప్పట్లుగా మార్చింది. నేను గోడ వదిలేసి వలయంలోకి ఎప్పుడు వెళ్ళానో నాకే గుర్తులేదు.

ఈ పద్ధతి కొత్తది కాదని ఆవిడే తర్వాత చెప్పింది. అమెరికాలో మేరియన్ చేస్ అనే నర్తకి 1942లో వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ ఆసుపత్రిలో రోగులతో ఇలా మొదలుపెట్టిందట. మాట్లాడని మనిషి ఒంట్లో ఎంత చిన్న కదలిక ఉన్నా, దాన్ని అందుకుని తిరిగి అతనికే చూపించేదట.

మా తాత ఎస్.కోట పక్క పల్లెలో తప్పెటగుళ్ళు అనే జానపద నృత్యం ఆడేవాడు. గుండె మీద రేకు గుళ్ళు కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో, ఎగిరి దూకుతూ వాయించేవాడు. ఒక గురువారం ఫోనులో పాట వస్తుంటే నా చేతులు వాటంతటవే గుండె మీదికి పోయి తాత దరువు కొట్టాయి. టీచరు ఫోను ఆపేసింది. ఆ రోజంతా నా దరువుకే అందరూ అడుగేశారు. ఇంటికొచ్చి అమ్మకి చెబితే లోపలికెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

ఒకటి గట్టిగా చెప్పాలి. డాన్సు గొంతుల్ని ఆపదు. వాటిని ఆపింది మాత్రలే, ఈ రోజుకీ రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటున్నాను. మాతో ఆడిన ఒకతను, ఇక బాగయిపోయాను కదా అని మానేసి, రెండు నెలల్లో మళ్ళీ వార్డులో చేరాడు. చేతులు బిగుసుకుపోతున్నాయని చెప్పుకుంటే డాక్టరమ్మ మోతాదు తగ్గించింది, ఆ తర్వాతే వేళ్ళు నెమ్మదించాయి. కాబట్టి ఏ కొత్త మందు మొదలెట్టినా మెడ, దవడ, నాలుక పట్టేస్తే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తండి, నటన అన్నా వెనక్కి తగ్గొద్దు. ఎవరిని అడగాలో తెలియకపోతే 14416కి ఫోన్ చెయ్యండి, అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం.

ఆ రాత్రి మొక్కు ఆషాఢంలో తీర్చుకున్నాం. సింహాచలం గిరి ప్రదక్షిణ ముప్ఫై రెండు కిలోమీటర్లు. తొలి పావంచా, అంటే కొండ మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరాం. హనుమంతవాక దాటేసరికి చీకటి పడింది. అప్పుఘర్ దగ్గర సముద్రంలో కాళ్ళు తడుపుకున్నాం. ఎవరో పులిహోర పెట్టారు, ఎవరో మజ్జిగ ఇచ్చారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నాకంటే నాలుగడుగులు వెనక వస్తోంది. మాధవధార దగ్గర తెల్లారుతుండగా వెనక నుంచి పిలిచింది. కాలు నొప్పేమో అని ఆగాను.

"ఆగకురా, నడు," అంది. "నీ సేతులు ఊగుతన్నాయిరా."