ఫతోర్డాలో ఆ రాత్రి

హోలీ రంగు ఇంకా గోళ్ల సందుల్లోంచి పోలేదు. 2022 మార్చి 19, శనివారం. సాయంత్రం నాలుగింటికి బొల్లారంలో మా ఇంటి ముందు నుంచి కారు కదిలింది. నేను, మా చిన్నాన్న, కారు నడపడానికి ఒప్పుకున్న నా ఫ్రెండ్. మర్నాడు రాత్రి ఏడున్నరకి గోవాలో, మడ్గావ్‌లోని ఫతోర్డా స్టేడియంలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫుట్‌బాల్ ఫైనల్. హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్. పుట్టి మూడేళ్లయినా నిండని మా జట్టు మొదటిసారి ఫైనల్ ఆడుతోంది.

ఆ జట్టు ఇప్పుడు హైదరాబాద్‌లో లేదు. 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. గచ్చిబౌలి మీదుగా వెళ్లినప్పుడల్లా నేను స్టేడియం వైపు తల తిప్పి చూస్తాను. అందుకే ఆ ప్రయాణాన్ని మర్చిపోకముందే రాసి పెట్టుకోవాలనిపించింది.

జడ్చర్ల దాటేదాకా ఆట ముచ్చట్లే. మా స్ట్రైకర్ ఓగ్బెచే గురించి వాదనేమీ లేదు. ముప్పై ఏడేళ్ల వయసులో ఒకే సీజన్లో 18 గోల్స్ కొట్టినవాడి గురించి ఏం వాదిస్తాం? ఎడమ పక్క ఆకాశ్ మిశ్రా, కుడి పక్క ఆశిష్ రాయ్ ఇద్దరూ లైను పట్టుకుని పైకీ కిందికీ పరుగెత్తుతుంటే మనకే ఆయాసం వస్తుంది. మధ్యలో జొవావ్ విక్టర్ ఉంటే ధైర్యం. లీగ్‌లో 38 పాయింట్లతో రెండో స్థానం, సెమీఫైనల్లో మోహన్ బగాన్‌ని రెండు మ్యాచ్‌లు కలిపి 3-2తో ఓడించాం. రెండో మ్యాచ్‌లో మాత్రం ఒక గోల్ ఇచ్చేసి, చివరి పది నిమిషాలు నా ప్రాణం తీశారు.

నా గొడవంతా మా గోలీ (గోల్‌కీపర్) గురించే. లక్ష్మీకాంత్ కట్టిమని. సీజన్ మొత్తం నేను ఆయన్ని తిట్టుకుంటూనే చూశాను. ఎత్తులో వచ్చే క్రాస్ బంతి ఆయన మీదికి వెళ్తోందంటే చాలు, టీవీ ముందు లేచి నిలబడేదాన్ని. రెండో గోలీ గుర్మీత్ సింగ్‌ని ఆడించమని ఇంట్లో కూర్చుని కోచ్ మనోలో మార్కెజ్‌కి సలహాలు చెప్పేదాన్ని. దానికి తోడు 2015 ఫైనల్ కూడా మనసులో మెదులుతోంది. అప్పుడు కట్టిమని గోవా జట్టు గోలీ. ఇదే ఫతోర్డా. తొంభయ్యో నిమిషం దాకా గోవా 2-1తో గెలుస్తోంది. అప్పుడు కట్టిమని పేరు మీద సెల్ఫ్ గోల్ పడింది. ఇంకో రెండు నిమిషాలకే చెన్నై మెండోజా ఇంకొకటి కొట్టాడు. 3-2. సొంత రాష్ట్రంలో, సొంత జనం ముందు కప్పు చేజారిపోయింది. అదే మైదానంలో ఇంకో ఫైనల్ అంటే ఆయన చేతులు వణకవా అని నా భయం.

వెనక సీట్లో కళ్లు మూసుకుని వింటున్న చిన్నాన్న అప్పుడు నోరు విప్పాడు. "గోలీని తిట్టొద్దు బిడ్డా. ముందున్న పదిమందీ తప్పు చేసినంక గదా బాల్ ఆయన దాకా వచ్చేది."

చిన్నాన్నకి ఆ మాట అనే హక్కుంది. కుర్రతనంలో ఆయన కూడా గోలీనే. అమ్ముగూడ, బొల్లారం, లాల్‌బజార్ మైదానాల్లో మట్టిలో పడి లేచినవాడు. అమ్ముగూడ అంటే తులసీదాస్ బలరాం ఊరు. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో, 1962లో జకార్తా ఏషియాడ్ బంగారు పతకం జట్టులో ఆడిన బలరాం. ఆ జట్లకి కోచ్ రహీం సాబ్ కూడా మన హైదరాబాదే. ఆయన చేతికింద హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు తెచ్చింది. జకార్తాకి వెళ్లేనాటికే రహీం సాబ్‌కి ఊపిరితిత్తుల క్యాన్సర్. పతకం గెలిపించిన మరుసటి ఏడాదే పోయారు. ఈ కథ చిన్నాన్నకి వాళ్ల నాన్న చెప్పాడు, నాకు చిన్నాన్న చెప్పాడు. మక్తల్ దాటి కృష్ణ వంతెన మీదికి కారు ఎక్కగానే ఆయన అద్దం దించి రూపాయి బిళ్ల నదిలోకి విసిరాడు. చీకట్లో అది ఎక్కడ పడిందో తెలియలేదు. అవతల శక్తినగర్ కరెంటు ఫ్యాక్టరీ దీపాలు నీళ్లలో పొడుగ్గా సాగి కనిపించాయి.

రాయచూరు, లింగసుగూరు, బాగల్‌కోట్ నిద్రలో గడిచిపోయాయి. బెళగావి దాటి చోర్లా ఘాట్ మలుపుల్లో తెల్లవారింది.

నేరుగా మడ్గావ్ వెళ్లకుండా పణజీ వైపు తిరిగి ముందు బాంబోలిం వెళ్లాం. నా పట్టుదలే అది. కరోనా వల్ల రెండు సీజన్లు లీగ్ మొత్తం గోవాలోనే జరిగింది. మూడే మైదానాలు, స్టేడియాల్లో జనం లేరు. ఆ సీజన్లో మా జట్టు 'సొంత మైదానం' బాంబోలింలోని జీఎంసీ స్టేడియం. గచ్చిబౌలిదీ జీఎంసీనే: మన గంటి మోహనచంద్ర బాలయోగి పేరు. ఇక్కడ జీఎంసీ అంటే పక్కనున్న గోవా మెడికల్ కాలేజీ. గేటు మూసి ఉంది. ఊచల్లోంచి చూస్తే ఖాళీ మెట్లు, పచ్చటి గడ్డి, ఎవరో నీళ్లు పడుతున్నారు. ఈ గడ్డి మీదే ఓగ్బెచే గోల్స్ కొడుతుంటే మేం సెల్‌ఫోన్ తెరల్లో చూశాం. 2019-20లో మొదటి సీజన్ మాత్రం గచ్చిబౌలిలో కళ్లారా చూశాను. 18 మ్యాచ్‌ల్లో రెండే గెలుపులు, పట్టికలో అట్టడుగు. ఓడినన్ని రోజులూ మా ఊళ్లో ఆడారు, గెలవడం నేర్చుకున్నాక మా కళ్లకి దూరంగా ఆడారు. ఆ గేటు ఊచలు పట్టుకుని నిలబడితే గొంతు పట్టేసింది.

మధ్యాహ్నానికి మడ్గావ్ చేరేసరికి ఊరంతా పసుపు. అదంతా మాది కాదు, కేరళది. రైళ్లలో, బస్సుల్లో, బైకుల మీద వేలమంది దిగారు. డప్పులు, జెండాలు, ముఖాల నిండా రంగులు. మా జెర్సీ కూడా పసుపే కావడంతో అడుగడుగునా ఎవరో ఒకరు నన్ను ఆపి, మలయాళంలో ఏదో అని, చేతులు కలిపి వెళ్తున్నారు. నేను ఛాతీ మీది బ్యాడ్జి చూపించి "హైదరాబాద్" అంటే ఒక్క క్షణం ఆగి, నవ్వి, మళ్లీ చేయి కలిపారు. ఎవరూ మాట తూలలేదు. పైగా ఆ ఫైనల్‌కి పసుపు జెర్సీ మాకు దక్కింది, కేరళ ఆటగాళ్లు నలుపు, నీలం వేసుకోవాల్సి వచ్చింది. వాళ్ల అభిమానులకి అది పెద్ద బాధ. అప్పటికి రెండు ఫైనల్స్ ఆడి రెండూ ఓడిన జట్టు, మూడోసారైనా గెలుస్తుందని వచ్చిన జనం, తమ రంగు ప్రత్యర్థుల ఒంటి మీద చూడాల్సి రావడం. వాళ్ల బాధ నాకు అర్థమైంది.

దాదాపు 19 వేలమంది పట్టే స్టేడియంలో మావాళ్లు ఒక మూల కొద్దిమందిమి. తెలుగు మాట వినిపిస్తే చాలు, అటు తిరిగి చేతులూపుకున్నాం. మైదానంలోకి దిగిన మా పదకొండు మందిలో తెలుగువాడు ఒక్కడూ లేడు. చిన్నాన్న అది గమనించి "ఒకప్పుడు ఇండియా టీమ్‌ల సగం మనోళ్లే ఉండేటోళ్లు" అన్నాడు, అంతే. ఆ తర్వాత ఆ ముచ్చట ఎత్తలేదు.

మొదటి సగంలో కేరళ ఆటగాడు వాస్కెజ్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కి తగిలినప్పుడు ఆ చప్పుడు అంత గోలలోనూ వినిపించింది. చిన్నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు. మ్యాచ్ అయ్యేదాకా వదల్లేదు. మావాళ్ల ఆటలో లయ లేదు. ఓగ్బెచేని కేరళ డిఫెండర్ లెస్కోవిచ్ నీడలా అంటిపెట్టుకున్నాడు.

68వ నిమిషం. కేరళ ఆటగాడు రాహుల్ కేపీ దూరం నుంచి కొట్టాడు. కట్టిమని దూకాడు, చేయి తగిలింది, అయినా బంతి లోపలికి వెళ్లింది. స్టేడియం పేలిపోయింది. నేను మాత్రం కట్టిమనినే చూస్తున్నాను. లేచి, వలలోంచి బంతి తీసి, ముందుకి విసిరి, చేతి గ్లవ్స్‌ని ఒకదానితో ఒకటి కొట్టుకున్నాడు. నా భయమే నిజమైందనిపించింది. తిట్టాలని నోటిదాకా వచ్చింది. పక్కన చిన్నాన్న ఉన్నాడు. మింగేశాను.

ఇంక రెండు నిమిషాలే ఉందనగా, 88లో, పెనాల్టీ బాక్స్ బయటికి ఎగిరొచ్చిన బంతిని సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా నేలకి తగలనీయకుండా గాల్లోనే కొట్టాడు. కేరళ గోలీ గిల్ ఆ మూలకి ఎగిరాడు. ఆ సీజన్ ఉత్తమ గోలీకిచ్చే గోల్డెన్ గ్లవ్ అతనిదే. అయినా అందలేదు. ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దం కమ్ముకుందంటే, మా మూల నుంచి వచ్చిన అరుపు మాకే కొత్తగా వినిపించింది. తవోరా కూడా గోవావాడే.

ఎక్స్‌ట్రా టైమ్ అరగంటా ఎలా గడిచిందో చెప్పలేను. కాళ్లు పట్టేసి ఆటగాళ్లు ఒక్కొక్కరూ కూలబడుతున్నారు. 1-1. పెనాల్టీలు.

కేరళదే మొదటి కిక్. లెస్కోవిచ్. కట్టిమని ఆపాడు. మాకు విక్టర్ వేశాడు. రెండోది నిషు కుమార్. కట్టిమని మళ్లీ ఆపాడు! మేం ఎగురుతుండగానే రెఫరీ ఈల. కిక్ కొట్టకముందే గోలీ గీత దాటాడు, మళ్లీ కొట్టాలి. నాకు 2015 గుర్తొచ్చింది. దేవుడా, ఈ మనిషికి ఇంకోసారి అన్యాయం చేయకు అనుకున్నాను. పొద్దున్నదాకా ఆయన్ని తిట్టిన నోటితోనే ఆయన కోసం మొక్కాను. కట్టిమని ఒక్క మాట అనలేదు. వెనక్కి నడిచి, గీత మీద మడమలు పెట్టి చూసుకుని, చేతులు చాచాడు. నిషు మళ్లీ కొట్టాడు. మళ్లీ ఆపాడు.

మా సివేరియో గోల్ వేయలేకపోయాడు. కేరళకి ఆయుష్ వేశాడు, మాకు కమారా. తర్వాత జీక్సన్ సింగ్. అదీ కట్టిమని చేతుల్లోనే ఆగింది. ఇక హాలీచరణ్ నర్జరీ వేస్తే చాలు. వేశాడు. 3-1.

ఎవరెవర్ని కౌగిలించుకున్నానో తెలియదు. చూసేసరికి చిన్నాన్న మెట్టు మీద కూర్చుని రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. వాటిలో కుడిచేతి చిటికెన వేలు వంకర. ఎప్పుడో లాల్‌బజార్ మైదానంలో పెనాల్టీ ఆపబోయి విరగ్గొట్టుకున్నది. అది ఎందుకు వంకరైందో నాకు ముందే తెలుసు. ఆయన దాన్ని అంత ఇష్టంగా చూసుకోవడం మాత్రం అదే మొదటిసారి చూశాను.

బయట రోస్ ఆమ్లెట్ బండి దగ్గర నిలబడ్డాం. వేడి కోడికూర పులుసులో మునిగిన ఆమ్లెట్, పక్కన పావ్. మా పక్కనే ఒక మలయాళీ కుర్రాడు, పదిహేడేళ్లుంటాయేమో, ప్లేటు పట్టుకుని తినకుండా ఏడుస్తున్నాడు. చిన్నాన్న ఆ అబ్బాయి భుజం మీద చేయి వేసి హిందీలో తినమన్నాడు. వాడు తిన్నాడు. వెళ్తూ వెళ్తూ "మీ గోలీ చాలా బాగా ఆడాడు" అని ఇంగ్లిష్‌లో చెప్పి వెళ్లాడు.

తిరుగు ప్రయాణంలో నాకు గొంతే లేదు. రాయచూరు దగ్గర టీకి ఆగినప్పుడు వేళ్లతో మూడు చూపించి అడగాల్సి వచ్చింది. మా జెర్సీలు చూసి హోటల్ ఆయన తెలుగులోనే "క్రికెటా?" అని అడిగాడు. చిన్నాన్న కుర్చీ లాక్కుని మొదటి నుంచీ మొదలుపెట్టాడు. కట్టిమని పేరు రాగానే ఆయన పాలగిన్నె దించి ఇటు తిరిగాడు. "కట్టిమని అంటే మా దిక్కు పేరే గదా! ఎన్ని ఆపిండు?"

చిన్నాన్న మూడు వేళ్లు చూపించాడు. ఒక్క క్షణం ఆలోచించి, ఆ వంకర చిటికెన వేలు కూడా లేపాడు.