పాత పట్టుచీర బేరమాడే ముందు మడతలు చూడండి

పాత పట్టుచీర చేతికొస్తే చాలామంది కళ్లు ముందు జరీ మీదికే పోతాయి. నేను మాత్రం మడతలు చూస్తాను. జరీ నల్లబడినా చీర కట్టుకోవచ్చు. మడత మీద పట్టు చివికిపోయి ఉంటే కట్టుకున్న రోజే చీలుతుంది. ఏళ్ల తరబడి బీరువాలో ఒకే మడత మీద ఉంచితే, అక్కడ గట్టిగా వంగిన జరీ పక్కనున్న పట్టుపోగుల్ని కోసేస్తూ ఉంటుంది. చిరుగులు ఎక్కువగా అంచులో, కొంగులో మడత గీతల వెంబడే మొదలయ్యేది అందుకే.

హైదరాబాదులో గురువారం జుమ్మేరాత్ బజారు, ఆదివారం ఎర్రగడ్డ సంత ఇలాంటి వేటకు పనికొస్తాయి. స్టీలు సామాన్లిచ్చి పాత బట్టలు తీసుకునేవాళ్ల మూటల్లోనూ ఒక్కోసారి మంచి చీరలు దొరుకుతాయి. పెందలాడే వెళ్లాలి, వెలుతురు బాగుంటుంది. "అన్నా, మొత్తం విప్పి చూస్తా" అని ముందే అడగాలి. విప్పనివ్వకపోతే ఎంత చౌకైనా వదిలేస్తాను.

విప్పాక వెలుగుకు అడ్డంగా పట్టుకుని ఒక్కో మడత గీతను చూడాలి. సన్నటి వెలుతురు గీత కనిపిస్తే అక్కడ పోగులు పోయినట్టే. తర్వాత మడతకు అటూ ఇటూ బొటనవేళ్లు ఆనించి, ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మెల్లగా లాగాలి. గట్టి పట్టు కదలదు. చివికినది చిన్న చప్పుడుతో విడిపోతుంది. ఒకటి రెండు చోట్లయితే రఫూ, అంటే చిరుగును దారంతో అల్లి పూడ్చడం, చేయించుకోవచ్చు. బాడీ అంతా అలాగే ఉంటే రఫూ చేసేవాళ్లెవరూ నిలబెట్టలేరు, ఎందుకంటే సూది గుచ్చిన చోట పక్క పోగు కూడా తెగుతుంది.

ఫాల్ ఒక మూల రెండంగుళాలు విప్పనిస్తే ఇంకా మంచిది. దాని కింద దాగిన చోట అసలు రంగు తెలుస్తుంది, బయట ఎంత వెలిసిందో పోల్చుకోవచ్చు. గద్వాల చీరయితే నూలు బాడీ, పట్టు అంచు కలిసేచోట వేళ్లతో తడమాలి. ఉతికితే నూలు ఎక్కువ కుదించుకుని అతుకు ముడతలు పడుతుంది. ఆ ముడత ఇస్త్రీకి పూర్తిగా పోదు.

ఇక జరీ. కొంగు చివరి కుచ్చుల్లోంచి ఒక జరీపోగు అడిగి తీసుకుని గోటితో గీకితే, పైపూత కింద తెల్లగా మెరిసేది వెండి, ఎర్రగా కనిపించేది రాగి. లోపల ఎర్రదారం ఉంటే అసలు జరీ అంటారు. అదొక్కటే చూసి నమ్మొద్దు, రాగి జరీకి కూడా ఎర్రదారం వాడతారు. ప్లాస్టిక్ జరీ నిప్పు తగిలితే ముడుచుకుని కరుగుతుంది. బాడీ పోగు కాలిస్తే వెంట్రుకలు కాలిన వాసనొచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడైతే పట్టు. గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్. అసలు పట్టని చెప్పే సిల్క్ మార్క్ లేదని అనుమానపడక్కర్లేదు, ఆ ముద్ర 2004లో మొదలైంది. అంతకుముందు నేసిన చీరకు అది ఉండదు.

ధర దగ్గర ఒక మెలిక ఉంది. జరీ కొనేవాళ్లు పాతచీరను కాల్చి వెండి తీసుకుంటారు కాబట్టి, వెండి జరీ చీర ఎంత చివికినా అమ్మేవాళ్లు ఒక స్థాయికి కిందికి దిగరు. రాగి జరీ అయితే ఆ కనీస ధర ఉండదు, ధైర్యంగా బేరమాడొచ్చు. నా దగ్గర 1500 ఉంటే చీరకు 1000 దాటనివ్వను. మిగతా 500 డ్రైక్లీనింగుకు, కొత్త ఫాల్‌కు, ముడతలు తీసే రోలింగుకు. చీర చవగ్గా వచ్చిందని ఈ ఖర్చు మర్చిపోతే లెక్క తప్పుతుంది. పసుపు, నూనె మరకలు పాతవైతే డ్రైక్లీనింగులో పోతాయని ఆశపడొద్దు, మరకతోనే ధర కట్టండి.

ఇంటికి తెచ్చాక వెంటనే నీళ్లలో మాత్రం ముంచొద్దు. ముందు తడి తెల్లగుడ్డను లోపలి అంచు మీద ఒక నిమిషం అదిమి పెట్టి చూడండి, రంగు దిగితే డ్రైక్లీనింగే గతి. కలరా ఉండల వాసన నీడలో కొన్నాళ్లు ఆరేస్తే పోతుంది. బూజు మచ్చలు అలా పోవు. నల్లబడిన జరీని చింతపండు, నిమ్మరసంతో తోమితే జరీ మీది పూత, పట్టు రంగు రెండూ పోతాయి. వెండి నలుపు అలాగే ఉంచితేనే అందం.

కట్టుకోలేనంత చివికిన చీరను కూడా నేను అప్పుడప్పుడు కొంటాను, మధ్యలో మూడు మీటర్లు గట్టిగా ఉంటే. దుపట్టాకైతే రెండున్నర మీటర్లు, లేదా జాకెట్టుకైతే 80 సెంటీమీటర్లు చాలు. అంచు పనికొస్తే వేరుగా విప్పించి నూలు లంగాకు వేయిస్తాను. కుట్టేవాళ్లకు ముందే చెప్పాలి: లోపల పల్చటి నూలు లైనింగ్ వేసి, సన్నసూదితో, కుట్టు కాస్త వదులుగా. బిగువుగా కుడితే సూది రంధ్రాల వరుస వెంబడి పట్టు చీలుతుంది.