ఎండాకాలంలో పై అంతస్తు వాళ్ల తలుపు తట్టండి

ఎండాకాలం జాగ్రత్తలు అనగానే అందరూ చెప్పే మొదటి మాట మధ్యాహ్నం బయట తిరగొద్దని. అది నిజమే, కానీ ప్రభుత్వం ఇచ్చిన ఫ్లాట్లలో, పెద్ద పెద్ద బ్లాకుల్లో ఉండేవాళ్లకి అసలు ప్రమాదం చాలాసార్లు ఇంట్లోనే ఉంటుంది. 2021 జూన్ చివర్లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో వచ్చిన వేడికి 619 మంది చనిపోయారు. అక్కడి అధికారులు ఒక్కో మరణాన్నీ విచారిస్తే, 98 శాతం మందికి వేడి దెబ్బ తగిలింది ఇంటి లోపలే అని తేలింది. సగానికి పైగా ఒంటరిగా ఉంటున్నవాళ్లు. 1995 జులైలో చికాగోలో 700 మందికి పైగా పోయినప్పుడు కూడా వాళ్లలో చాలామంది ముసలివాళ్లు, పేదవాళ్లు, వచ్చి పలకరించే మనిషి లేనివాళ్లు. కొందరు దొంగల భయంతో కిటికీలు కూడా తెరవకుండా ఉండిపోయారు.

అందుకే నేను ఈ పోస్టులో నీళ్లు తాగండి, టోపీ పెట్టుకోండి అనే దగ్గర మొదలుపెట్టట్లేదు. మీ మెట్ల వైపు ఫ్లాట్లలో, మీ వరండా పక్క ఇళ్లలో ఒంటరిగా ఉంటున్నది ఎవరు? వాళ్ల పేరు తెలుసా, ఫోన్ నంబర్ ఉందా? ఎండలు ముదరకముందే ఈ రెండూ కనుక్కోండి. వేడి ఎక్కువగా ఉన్న రోజుల్లో రోజుకి రెండుసార్లు పలకరించాలి. అందులో ఒకటి సాయంత్రం పూట అయ్యేలా చూసుకోండి, ఎందుకంటే కాంక్రీటు పగలంతా తాగిన వేడిని సాయంత్రం నుంచి వదలడం మొదలుపెడుతుంది. బయట గాలి చల్లబడ్డా స్లాబ్ కింద ఉన్న పై అంతస్తు గది మాత్రం రాత్రి దాకా ఉడుకుతూనే ఉంటుంది. ఫోన్ కంటే తలుపు దగ్గరికి వెళ్లడమే మంచిది. ఫోన్లో "బాగానే ఉన్నానమ్మా" అనేస్తారు. గుమ్మం దగ్గర నిలబడితే లోపలి నుంచి వచ్చే వేడి మీకే తగులుతుంది, మనిషి మొహం కనిపిస్తుంది, మాట తడబడుతోందా, మనం అడిగిన దానికి వేరే ఏదో జవాబు చెప్తున్నారా అనేది తెలుస్తుంది. వయసు పెరిగేకొద్దీ దాహం సరిగ్గా తెలియదు, కాబట్టి దాహంగా ఉందా అని అడగకండి, ఇవాళ ఎన్నిసార్లు తాగారు అని అడగండి. గుండె జబ్బుకో కిడ్నీ జబ్బుకో డాక్టరు నీళ్లు తగ్గించమన్నవాళ్లుంటే, వేడి రోజుల్లో ఎంత తాగాలో ముందే ఆ డాక్టర్నే అడిగించండి. ఇంకో తాళం చెవి నమ్మకమైన మనిషి దగ్గర ఉంచమని చెప్పండి. వినడానికి ఇబ్బందిగా ఉంటుంది కానీ, లోపల మనిషి పడిపోయి బయట మనం నిలబడి ఉన్నప్పుడు ఆ తాళం చెవి విలువ ఇంతా అంతా కాదు.

వడదెబ్బ గుర్తులు ఇంట్లో పిల్లలకి కూడా నేర్పండి. తలనొప్పి, కళ్లు తిరగడం, ఒళ్లంతా చెమట, నీరసం ఉంటే చల్లటి చోటికి తీసుకెళ్లి, పడుకోబెట్టి, కొద్దికొద్దిగా నీళ్లు పట్టొచ్చు. కానీ మనిషి తికమకగా మాట్లాడుతున్నా, స్పృహ తప్పుతున్నా, మూర్ఛ వచ్చినా, ఒళ్లు కాలిపోతున్నా అది వేరే సంగతి. అప్పుడు శరీరం వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటి ఉండొచ్చు. వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేయాలి. అది వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోకుండా ఒంటి మీద నీళ్లు పోస్తూ గాలి తగిలేలా చూడాలి, మెడ మీద, చంకల్లో, గజ్జల్లో తడిగుడ్డలో చుట్టిన ఐస్ పెట్టాలి. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో మాత్రం నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఇక ఇల్లు. బయట వేడి ఎక్కువగా ఉన్నంతసేపూ కిటికీలు, కర్టెన్లు మూసే ఉంచండి, బయట చల్లబడ్డాక అన్నీ తెరవండి. ఎండ పడే కిటికీకి లోపల కట్టే తెర కంటే బయటి వైపు నీడ ఎక్కువ పనిచేస్తుంది, అద్దం దాటి లోపలికి వచ్చిన వేడిని ఏ కర్టెనూ పూర్తిగా వెనక్కి పంపలేదు. గది వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ముందు కూర్చోవడం మేలు చేయదు, అది వేడి గాలినే ఒంటి మీదికి తోస్తుంది. అప్పుడు స్నానం చేయడమో, చల్లగా ఉండే లైబ్రరీకో కమ్యూనిటీ హాలుకో వెళ్లి రెండు మూడు గంటలు గడపడమో చేయాలి. ఏసీ ఉన్నవాళ్లు దాన్ని ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టకండి. పాత బ్లాకుల్లో వైరింగ్ అంతంతమాత్రమే, వేడెక్కి అంటుకుంటే మీ ఒక్క ఇంటితో పోదు.

కరెంటు పోతే మోటారు ఆగుతుంది, పై అంతస్తులకి నీళ్లు రావు, లిఫ్టూ ఉండదు. మూడూ ఒకేసారి! మూతపెట్టిన పాత్రల్లో తాగే నీళ్లు ఎప్పుడూ కొన్ని నిల్వ ఉంచుకోండి. వాడుకకి బయట పెట్టే నీళ్లకి కూడా మూత ఉండాలి. దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ అవడానికి వారం పది రోజులు చాలు కాబట్టి, తెరిచి ఉన్న ప్రతిదాన్నీ వారానికోసారి ఒంపేసి తుడవాలి.

నాకు అన్నిటికంటే భయం పిల్లలూ కిటికీలూ. ఉక్కపోతకి అందరం కిటికీలు బార్లా తెరుస్తాం, సెలవులు కాబట్టి పిల్లలు రోజంతా ఇంట్లోనే ఉంటారు. దోమల మెష్ దోమల్ని ఆపుతుంది గానీ దాని మీద వాలిన పిల్లాణ్ణి ఆపదు, ఫ్రేముతో సహా ఊడి వచ్చేస్తుంది. మంచం, కుర్చీ, పెట్టె, ఎక్కడానికి పనికొచ్చేది ఏదీ కిటికీ కింద ఉండకూడదు. గ్రిల్ లేకపోతే కిటికీ 10 సెంటీమీటర్ల కంటే ఎక్కువ తెరుచుకోకుండా ఆపే గొలుసో స్టాపరో పెట్టించమని హౌసింగ్ ఆఫీసుని అడగండి. మంటలొస్తే పెద్దవాళ్లు దాన్ని చటుక్కున తీయగలిగేలా కూడా ఉండాలి. ఆగి ఉన్న కారులో పిల్లల్ని ఒక్క నిమిషం కూడా వదలొద్దు. పది నిమిషాల్లోనే లోపల 10 డిగ్రీల దాకా పెరుగుతుంది, అద్దం కొంచెం దించితే సరిపోతుందనుకోవడం పొరపాటు.

ఇంకో విషయం, దీని గురించి తక్కువ మాట్లాడుకుంటాం. చిన్న ఇంట్లో నలుగురైదుగురు, రాత్రి నిద్ర లేదు, స్కూల్లో దొరికే భోజనం సెలవుల్లో ఆగిపోయి ఖర్చు పెరిగింది, ఇంత టెన్షన్‌లో చిన్న మాటకే గొడవలవుతాయి. ఇది మీ ఇంట్లో మనుషులు చెడ్డవాళ్లయినందుకు కాదు. నిద్ర చాలనప్పుడు ఎవరికైనా కోపం త్వరగా వస్తుంది. ఇంట్లో చల్లగా ఉండే గది ఒక్కటే అయితే అందరూ అక్కడే పడుకోండి, నిద్రకి ఏది సాయపడితే అది చేయండి. పిల్లల్ని చూసుకునే పని ఒక్క అమ్మ మీదే వదిలేయకుండా బ్లాకులో ముగ్గురు నలుగురు కలిసి వంతులు వేసుకుంటే ప్రతి ఒక్కరికీ కాస్త ఊపిరి తీసుకునే టైమ్ దొరుకుతుంది. సెలవుల్లో పిల్లలకి ఉచిత భోజనం పెట్టే చోట్లున్నాయేమో స్కూల్లో, హౌసింగ్ ఆఫీసులో అడగండి, అడగడానికి సిగ్గుపడకండి. ఎవరైనా చేయి చేసుకుంటున్నారంటే మాత్రం అది ఎండ మీదికి నెట్టేసే విషయం కాదు, సాయం అడగాల్సిన విషయం.

మందుల సంగతి క్లుప్తంగా చెప్తాను. బీపీకి నీరు పోయే మాత్రలు, మానసిక సమస్యలకి వాడే కొన్ని మందులు వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. సొంతంగా మానేయకండి, ఎండలు ముదిరేలోపే డాక్టర్ని అడగండి. వాడుతున్న ఇన్సులిన్‌ని గదిలో ఉంచినా ఆ గది 30 డిగ్రీలు దాటకూడదు.

హౌసింగ్ ఆఫీసుకి చెప్పే ఫిర్యాదులు నోటిమాటగా వదిలేయకండి. లిఫ్టు, కిటికీ, నీళ్లు, వైరింగ్, ఏదైనా సరే రాసి ఇచ్చి, తేదీ వేసి, ఒక కాపీనో ఫొటోనో మీ దగ్గర ఉంచుకోండి. ఒక ఫ్లాటు నుంచి వెళ్లిన కాగితం కంటే ఒకే మెట్ల మీది పది ఫ్లాట్లు సంతకం పెట్టిన కాగితం త్వరగా కదులుతుంది. ఏసీ బిగించే ముందు అనుమతి కావాలా, ఇంట్లో ఎవరికైనా వేసవి ఉద్యోగం వస్తే ఆ ఆదాయం చెప్పాలా అనేవి కూడా అదే రోజు అడిగేయండి. ఇంటి ఆదాయాన్ని బట్టి అద్దె వేసే చోట ఆలస్యంగా చెప్తే తర్వాత బాకీ కట్టమంటారు.