పాలూరు కాలువ గట్టున ఒక పూట

ఒడిశాలోని బరంపురంలో మా పెద్దమ్మగారింట మూడు రోజులున్నాను గాని, నాకు మిగిలినది ఒక్క మధ్యాహ్నమే. ఋషికుల్య సంగమం నుంచి చిలకా సరస్సు దక్షిణపు కొస దాకా సుమారు 18 కిలోమీటర్లు సాగే పాలూరు కాలువను చూడాలని బయలుదేరితే, గోపాలపురం బీచికి వెళ్లక ఆ మురుగు కాలువెందుకని ఇంట్లో అందరూ అన్నారు. గంజాం ఊళ్లో దిగి ఆటో అడిగితే, రానుపోను ఆరువందలన్నాడు. రాజమండ్రిలో అంత దూరానికి ఇందులో సగమే తీసుకుంటారు. బేరమాడే ఓపిక లేక ఎక్కాను.

కాలువను చూడగానే గుండె చివుక్కుమంది. ఉప్పునీటి గడ్డి గట్లను కమ్మేసింది. నీరు మసకగా, కదిలీ కదలనట్టుగా ఉంది. అది ఏ కాలువో చెప్పే బోర్డు కూడా నాకు కనిపించలేదు.

మా తాతగారు ధవళేశ్వరం లాకుల దగ్గర పడవెక్కి కాకినాడ వెళ్లేవారు. గాలి వాలుగా ఉంటే తెరచాప ఎత్తేవారట. లేకుంటే ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ, తాడు భుజాన వేసుకొని లాగేవారట. లాకు తలుపులు మూసి, లోపలి నీటిమట్టం పైకో కిందికో సరిచేసి పడవను వదలడం ఆయన చెబుతుంటే, ఒక మహాయంత్రాన్ని వర్ణిస్తున్నట్టుండేది. 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట మా డెల్టాకు సాగునీటితో పాటు ఈ దారినీ ఇచ్చింది. 1893-96 మధ్య ఈ తీరం వెంట రైలు వచ్చింది, తర్వాత లారీలు వచ్చాయి. వేసవిలో కాలువలు కట్టేస్తే పడవ నిలిచిపోయేది. లారీకి ఆ బెడద లేదు.

పాలూరు కాలువ కష్టం వేరు. దీనికి సముద్రపు పోటే ఆధారం. ఋషికుల్య మొగ దగ్గర ఇసుక మేట వేసి, మొగ జరిగిపోతుంటే, కాలువలోకి నీరెక్కడం తగ్గి ఒండ్రు పేరుకుంటుంది. 1936 దాకా గంజాం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే కనుక, ఈ రెండు కాలువలూ ఒకే దొరతనం కిందివన్న తలపు నన్ను వదలలేదు.

గట్టు మీద వల బాగుచేసుకుంటున్న ఒక నోలియా (ఈ తీరపు తెలుగు జాలరి) వృద్ధుడు నా తెలుగు విని, "ఏ ఊరు బాబూ?" అన్నాడు. వాళ్లది వాడబలిజల తెలుగు. నా చెవికి శ్రీకాకుళం తీరంలా వినిపించింది. వాళ్ల తాత ఈ దారినే నావ మీద ఉప్పు తీసుకెళ్లేవాడట.

"ఇప్పుడు నావలు నడవవా, తాతా?" అని అడిగాను.

"నావలెక్కడివి బాబూ! ఇప్పుడు ఈ కాలవలో నడిసేవి రొయ్యలూ, పీతలే."

ఆ మాట పట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. సముద్రంలో పుట్టిన రొయ్యపిల్లలు, చేపపిల్లలు పోటు నీటితో ఈ కాలువ గుండా చిలకాలోకి చేరి అక్కడ పెరుగుతాయి. చిలకా దక్షిణ భాగానికి సముద్రంతో ఉన్న దగ్గరి దారి ఇదే. అందుకే ఒండ్రు తీయాలని బెస్తవాళ్లు పట్టుబడతారు. మా డెల్టా కాలువలు పొలాల కోసం బతికాయి. ఇది వలల కోసం బతకాలి.

ఆటోవాడు హారన్ కొట్టి, ఆలస్యానికి మరో వంద అడిగాడు. ఇచ్చాను. పోటు తిరిగినట్టుంది, నీటి మీద తేలుతున్న గడ్డిపరకలు ఒక్కొక్కటే పాలూరు వైపు కదిలాయి. ముసలాయన వల భుజానేసుకొని మెల్లగా నీళ్లలోకి దిగాడు.