రీల్ తుపాకి కొనబోయి ముందు అయస్కాంతం కొనుక్కున్నా

మొదటిది కొన్నప్పుడు నాకు ఏమీ తెలీదు. ఆన్‌లైన్ వేలంలో "1880ల నాటి పోత ఇనుము క్యాప్ గన్" (అంటే మన రీల్ తుపాకే) అని పెట్టారు, ఫొటోలో నల్లగా బరువుగా కనిపించింది, ఇంకెవరైనా ఎగరేసుకుపోతారేమోనని కొనేశా. వచ్చాక చూస్తే పిడి దగ్గర స్క్రూ తల మీద ప్లస్ గుర్తు. ప్లస్ స్క్రూలు వాడకంలోకి వచ్చిందే 1930ల్లో, మరి 1880 బొమ్మకి ఎలా వస్తుందండీ! పైగా ఒళ్లంతా గరుకు కాగితంలా ఉంది, రెండు సగాలు కలిసే చోట గోరు దూరుతోంది, తుప్పు కూడా అంతటా ఒకేలా నారింజ రంగులో. మంచి పాతవి చేత్తో తడిమితే నున్నగా ఉంటాయి, అతుకు అంత తేలిగ్గా దొరకదు. అమ్మినాయన వాపస్ తీసుకోనన్నాడు, సరే ట్యూషన్ ఫీజు అనుకుని ఊరుకున్నా.

ఆ మంటలో కూర్చుని చదివా. అమెరికాలో అంతర్యుద్ధం తర్వాత ఈ బొమ్మలు బాగా పాకాయి, కనెక్టికట్‌లో స్టీవెన్స్ లాంటి కంపెనీలు పోత ఇనుముతో చేసేవి, రెండో ప్రపంచ యుద్ధంలో ఇనుమంతా యుద్ధానికి పోయి బొమ్మలు ఆగిపోయాయి, తర్వాత 1950ల్లో టీవీ కౌబాయ్‌ల పుణ్యమా అని గిరాకీ పెరిగినప్పుడు వచ్చినవి ఎక్కువగా జింక్ డై కాస్ట్, అంటే కరిగించిన జింక్‌ని ఒత్తిడితో అచ్చులోకి ఎక్కించి చేసినవి. జింక్‌కి అయస్కాంతం అంటుకోదు, ఇనుముకి అంటుకుంటుంది, అందుకే ఇప్పుడు జేబులో ఒకటి ఉంటుంది. కాకపోతే స్ప్రింగు దగ్గర, స్క్రూల దగ్గర పెట్టకండి, అవి ఉక్కువి, నేను అలాగే కంగారుపడ్డా.

రెండోసారి నికల్స్ అనే అమెరికా కంపెనీ బొమ్మ రివాల్వర్, స్టాలియన్ 45 దొరికింది. ఈసారి స్క్రూ తలల ఫొటోలు, ట్రిగ్గర్ లాగే వీడియో అడిగి మరీ తీసుకున్నా. గొట్టం కొసన నారింజ రంగు లేదేంటి అని అనుమానం వచ్చింది, తీరా చూస్తే అమెరికాలో ఆ రూలు వచ్చింది 1989లో, అంతకు ముందువాటికి ఉండదు. అందుకే దాన్ని గుమ్మం దాటనివ్వను, దూరం నుంచి నిజం తుపాకే అనుకుంటారు. పార్సిల్‌లో పాత బిళ్లలు (టప్పున పేలే క్యాప్‌లు) పెట్టొద్దని కూడా చెప్పా, ఎర్ర భాస్వరం, పొటాషియం క్లోరేట్ కలిపిన మందు అది, ఒరిపిడికే అంటుకుంటుంది.

వచ్చాక సుత్తి, అదే ట్రిగ్గర్ లాగితే బిళ్లని కొట్టే ముక్క, కదల్లేదు. కాలిన బిళ్లల మసి తేమ పీల్చుకుని లోహాన్ని తినేస్తుంది, అది గట్టిపడి పట్టేసింది. తడి దూదిపుల్లతో కొంచెం కొంచెంగా తీసి, ఆరబెట్టి, కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసి, అలా మూడు సాయంత్రాలు. మూడో రోజు టిక్కుమని వెనక్కి వెళ్లింది చూడండీ, ఇంట్లో అందరినీ పిలిచి చూపించా. ఆ సంబరంలో గొట్టం మీద పాలిష్ పెట్టి రుద్దా, అది నా తెలివితక్కువతనం, వేలిగోరంత మేర నికెల్ పూత లేచి బూడిద రంగు బయటపడింది.

దీని తూటాలు రెండు ముక్కలుగా విడతాయి, మధ్యలో గుండ్రటి బిళ్ల పెట్టి మూయాలి. ఆరింట్లో ఐదు బాగున్నాయి, ఆరోదానికి మొన ఒక్కటే వచ్చింది. వెనక ముక్క కోసం ఇంకా వెతుకుతున్నా, ఎవరి దగ్గరైనా ఉంటే ముందు ఫొటో పంపండి.